మాటయా, మాత్రయా?

మనోవ్యాధులను గూర్చి మేము చేసిన ప్రసంగమొకటి ప్రసారమైన పిదప మాకు చేరిన ఉత్తరములలో ఒకటి చాల దినములు మా బల్లమీదనే ఉండిపోయినది. వ్రాసినవారు గోదావరి ఒడ్డున ఒక చిన్న పట్టణములో ఉద్యోగము విరమించి యింటిపట్టున నున్న పెద్దమనిషి. వారి రెండవ అమ్మాయికి 22 ఏండ్లు. బి.ఇడి. చదువు నడుమ ఆపి యింటికి వచ్చివేసినది. ఉదయము లేచినది మొదలు చేతులు కడుగుకొనుచునే యుండును. తలుపు గడియ ముట్టిన కడుగవలెను, పత్రిక ముట్టిన కడుగవలెను. అరచేతుల చర్మము చిట్లి నెత్తురు చిమ్మినను ఆగదు. తల్లి చెంబుతో నీళ్లు పోయుచు ప్రక్కన నిలుచును. పోయనిచో ఆ పూట అమ్మాయి అన్నము ముట్టదు.

"ఇచ్చటి డాక్టరుగారు మాత్రలు వ్రాసియిచ్చిరి. హైదరాబాదులోని మా మేనల్లుడు మాత్రలు వలదు, మాటలతో నయము చేయువారున్నారు అనుచున్నాడు. మరియొకరు, పిల్లచేత అసహ్యమైన వస్తువులను ముట్టించి కుదుర్చుదురట అని చెప్పగా మా యింటిలో ఏడ్చినారు. బంధువులు మాత్రము మూడుముళ్లు పడినచో అన్నియు సర్దుకొనునని సంబంధము తెచ్చినారు. మాఘమాసములో ముహూర్తమున్నది. దేనిని నమ్మవలెను?" అని వారు వ్రాసిరి.

వెంటనే జవాబు వ్రాయలేకపోతిమి. మేము వైద్యులము కాము. తెలిసినవారిని అడిగి, గ్రంథములు తిరగవేసి, విన్నదానిని ఇంటిల్లిపాదికి తెలియు మాటలలో చెప్పుట మా వృత్తి. అడిగిన కొలది మాకు తెలిసివచ్చిన దేమనగా, మానసిక చికిత్సలలో ఏది గొప్పది అను ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. జబ్బును బట్టి జవాబు మారును. ఒక జబ్బులో పేరుపడిన పద్ధతులన్నియు ఇంచుమించు సమానమే. మరియొకదానిలో ఒక పద్ధతి పనిచేయును, దాని ప్రక్కనున్నది పనిచేయదు. ఇంకొకదానిలో మాట ఎంత మంచిదైనను మందు లేనిదే నిలువదు. ఈ తేడా తెలియకనే మన యిండ్లలో ఏండ్లు గడచిపోవుచున్నవి.

మాటలతో వైద్యమను భావము ఆధునిక కాలమున ఎట్లు మొదలైనదో ముందు చూతము. 1880లో వియన్నా నగరమున జోసెఫ్ బ్రాయర్ అను వైద్యుడు 21 ఏండ్ల యువతికి చికిత్స ప్రారంభించెను. జబ్బుపడిన తండ్రికి రాత్రులు మేలుకొని పరిచర్య చేయుచుండగా ఆమెకే జబ్బు వచ్చినది. కుడిచేయి చచ్చుబడినది, కొన్నాళ్లు నీరు త్రాగలేకపోయినది, మాతృభాషయైన జర్మను మరచి ఆంగ్లముననే మాటాడసాగినది. సాయంకాలములందు బ్రాయర్ ప్రక్కన కూర్చుండగా మనసులోని దంతయు చెప్పుకొనెడిది. చెప్పుకొనిన పిదప కొన్ని బాధలు తగ్గెడివి. దానికి మాటల చికిత్స యని పేరు పెట్టినది వైద్యుడు కాదు, ఆ రోగియే. 1895లో బ్రాయరు, ఫ్రాయిడు కలసి ప్రకటించిన గ్రంథమున ఆమె 'అన్నా ఓ.' అను మారుపేరుతో కనబడును. అందు ఆమె కోలుకొనినట్లే వ్రాయబడినది. తరువాతివారు వెదకి చూడగా, 1882లో ఆమెను స్విట్జర్లాండులోని ఒక ఆరోగ్యశాలలో చేర్చిరనియు, ఆపైని గూడ కొన్నేండ్లు జబ్బు విడువలేదనియు తేలినది. బెర్తా పాపెన్‌హైమ్ అను ఆ యువతియే పిమ్మట కోలుకొని, 1904లో జర్మనీ యూదు స్త్రీల సంఘమును స్థాపించి, పేరుగన్న సంఘసేవకురాలైనది. ఆమెను బాగుచేసినది మాటయా, కాలమా, పనియా? ఎవరును తేల్చి చెప్పలేరు. ఈ శాస్త్రమునకు మొదటి కథయే ఇట్టి చిక్కుముడి.

ఫ్రాయిడు ఆ పద్ధతిని మనోవిశ్లేషణముగా పెంచెను. రోగి సోఫాపై పరుండి మనసునకు తోచినది తోచినట్లు చెప్పవలెను. వారమునకు నాలుగైదు దినములు, కొన్ని యేండ్లు. అణచిపెట్టిన కోరికలు, చిన్ననాటి బాధలు బయటపడిన కొలది జబ్బు సడలునని సిద్ధాంతము. మన దేశమున ఈ విద్యను నాటినవారు కలకత్తా వాస్తవ్యులు గిరీంద్రశేఖర బోసు గారు. వారు 1922లో భారతీయ మనోవిశ్లేషణ సంఘమును నెలకొల్పిరి. ఫ్రాయిడుతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపిరి. అట్లని ఆయన చెప్పినదాని కెల్ల తలయూపిన వారును కారు. రోగి మాటను ఓపికతో వినుట వైద్యములో భాగమని లోకమునకు నేర్పినది ఈ శాఖయే. ఆ ఋణము తీరునది కాదు. కాని మా ఉత్తరములోని అమ్మాయి వంటివారికి దీనిని ముందుగా సూచించువారు నేడు అరుదు. ఎందుకు కడుగుచున్నదో పదేండ్లు తరచి తెలిసికొనినను, కడుగుట ఆగకపోవచ్చును.

ఆగుటకు మార్గము మరియొక దిక్కునుండి వచ్చినది. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అను విద్వాంసురాలు, కుందేలును చూచిన బెదరిపోవు పీటర్ అను పసివాని కథను ప్రకటించిరి. వాడు ఇష్టముగా తినుచుండగా కుందేలును గదిలో దూరముగా నుంచి, దినదినము కొంచెము కొంచెముగా దగ్గరకు తెచ్చిరి. తుదకు వాడు దానితో ఆడుకొనసాగెను. వాని భయమునకు మూలమేమని ఎవరును తవ్వలేదు. దక్షిణాఫ్రికాలో జోసెఫ్ వోల్పీ అను వైద్యుడు ఈ దారినే పోయి, శరీరమును సడలించుకొని భయములను మెట్టు మెట్టుగా తలచుకొను పద్ధతిని 1958లో గ్రంథముగా వెలువరించెను. చేతులు కడుగు జబ్బునకు ఇవి చాలలేదు. 1966లో లండను మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో విక్టర్ మేయర్ ఇద్దరు రోగుల విషయమున ఒక సాహసము చేసెను. వారు దేనికి భయపడుదురో దానిని ముట్టనిచ్చి, ఆపైన చేయు శుద్ధికర్మలను మాత్రము చేయకుండ ఆపించెను. నర్సులు తోడుండి కనిపెట్టుకొనిరి. అంతవరకు ఏ చికిత్సకును లొంగని ఆ తంతులు కొన్ని వారములలో బాగుగా తగ్గినవి.

ఇదియే ఆ తల్లిని ఏడిపించిన చికిత్స. పేరు వినుటకు కఠినము గాని, లోపలి సంగతి సులభము. గడియ ముట్టగనే అమ్మాయి గుండె దడదడలాడును. కడుగుకొనగనే దడ తగ్గును. ఆ తగ్గుటయే వల. కడిగితిని గనుక బ్రతికితిని అని మనసు నేర్చుకొనును. మరునాడు మరింత గట్టిగా కడుగుమనును. కడుగకుండ ఊరకుండినచో ఏమగును? దడ మొదట పెరుగును. కార్తికమాసమున తెల్లవారుజామున గోదావరిలో దిగినవారికి ఈ అనుభవము క్రొత్త కాదు. కాలు పెట్టగనే వణకు పుట్టును, వెనుకకు పరుగెత్తవలెననిపించును. నిలిచియున్న కొంతసేపటికి నీరు అంత చల్లగా తోచదు. నీరు మారలేదు. భయమును అట్లే నిలిచి చూచినప్పుడు చాలసార్లు అది తానుగా దిగును. దిగకపోయినను, తాను శంకించిన ఉపద్రవము రాలేదన్న సంగతి మనసునకు పట్టుబడును. నేటి పరిశోధకులు ఈ రెండవదానికే ఎక్కువ విలువ నిచ్చుచున్నారు.

అసహ్యమైన వస్తువులను బలవంతముగా ముట్టించుట ఇందులో లేదు. రోగియు చికిత్సకుడును కూర్చుండి భయములకు ఒక నిచ్చెన వేసికొందురు. క్రింది మెట్టు పుస్తకపు అట్ట కావచ్చును. పై మెట్టు బస్సులోని ఇనుపకడ్డీ కావచ్చును. ఏ దినమున ఏ మెట్టు ఎక్కవలెనో రోగి ఒప్పుకొనవలెను. చేయి పట్టి లాగువాడు ఈ విద్య తెలిసినవాడు కాడు.

ఇక్కడ మన యిండ్లకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. మడి, మైల, అంటు అను మాటలు వినుచు పెరిగిన యింటిలో ఈ జబ్బు మొదటి రెండు మూడేండ్లు కంటబడదు. పిల్ల ఆచారవంతురాలని మురిసికొనుటయు కద్దు. మడి కట్టుకొను పెద్దవారిని చూడుడు: స్నానమైనది, బట్ట మార్చినది, ఇక వారి మనసు నిమ్మళము, పోయి వంట చూచుకొందురు. జబ్బున్నవారికి ఆ 'అయినది' అన్న తృప్తి రాదు. పదిసార్లు కడిగిన పిదప గూడ అనుమానమే. తాము చేయుచున్నది అధికమని తమకే తెలియును, సిగ్గుపడుదురు, దాచుదురు, అయినను ఆపుకొనలేరు. ఆచారము జబ్బును పుట్టింపదు. దానికి వేషము మాత్రము ఇచ్చును. ఈ దేశములలో కడుగుకొనువారున్నట్లే, మడి మాట యెరుగని దేశములలోను ఉన్నారు.

మాత్రలకు, ఈ పద్ధతికి పోటీ పెట్టి చూచినవారున్నారా? ఉన్నారు. ఎడ్నా ఫోవా అను మనశ్శాస్త్రజ్ఞురాలు మరికొందరితో కలసి 122 మంది రోగులను నాలుగు వర్గములు చేసి, 12 వారములు చికిత్స నడిపి, ఫలితములను 2005లో ప్రకటించిరి. ఏ మందును లేని ఉత్తుత్తి మాత్ర మ్రింగినవారిలో నూటికి 8 మందికి గుణము కనబడినది. క్లోమిప్రమిన్ అను మందు వాడినవారిలో 42 మందికి. మేము పైన చెప్పిన పద్ధతిని పొందినవారిలో 62 మందికి. రెండును కలసి పొందినవారిలో 70 మందికి. ఉత్తుత్తి మాత్రకు 8 మంది మాత్రమే బాగుపడుట గమనింపదగినది. ఈ జబ్బు ఊరడింపునకు లొంగునది కాదు. "ఎందుకమ్మా కడుగుచున్నావు, నీ చేతులు శుభ్రముగానే ఉన్నవి" అని దినమునకు నూరుమార్లు చెప్పుటయు మాటయే. అది వైద్యము కాదు సరికదా, అమ్మాయి ఆ మాటను మరల మరల అడుగునట్లు చేసి జబ్బును పెంచును. కనుక మేనల్లుని మాటలో సగము నిజము. డాక్టరుగారి మాత్రలును తప్పు కావు. నేడు ఎక్కువగా ఇచ్చు మాత్రలు దిగులు జబ్బునకు వాడు తరగతివే. ఈ జబ్బులో గుణము తెలియుటకు రెండు మూడు నెలలు పట్టవచ్చును. రెండు వారములకు విసిగి, డాక్టరు నడుగక మానివేయువారే ఎక్కువ.

దిగులు జబ్బునకు వచ్చుసరికి లెక్క మారును. ఫిలడెల్ఫియా నగరమున ఆరన్ బెక్ అను వైద్యుడు మనోవిశ్లేషణమున శిక్షణ పొందినవాడే. దిగులు అనగా లోపలికి తిరిగిన కోపమని ఫ్రాయిడు చెప్పినదానిని రుజువు చేయుటకు రోగుల కలలను పరీక్షింపగా, కోపము కనబడలేదు. పోగొట్టుకొంటిమి, ఓడితిమి అను తలపులే కనబడినవి. తెలిసినవాడొకడు బజారులో చూడక పోయిన, మామూలు మనిషి "తొందరలో ఉన్నాడు కాబోలు" అనుకొనును. దిగులు పట్టినవాడు "నేను వీనికి లోకువయితిని" అనుకొనును. ఆ తలపును కాగితముమీద పెట్టి, సాక్ష్యమేమని నిలదీయుట బెక్ పద్ధతి. క్లెర్మన్, వైస్‌మన్ అనువారి పద్ధతి వేరు: అయినవారి మరణము, ఆలుమగల తగవు, అత్తవారింట క్రొత్తగా కాలుపెట్టుట వంటి మార్పులు, వీటిచుట్టు అల్లుకొనిన బాధను విప్పుట.

ఈ రెండింటిని, ఇమిప్రమిన్ అను మాత్రను, ఉత్తుత్తి మాత్రను నాలుగు వైపుల నిలిపి, అమెరికా ప్రభుత్వపు మానసికారోగ్య సంస్థ 250 మందిపై జరిపిన గొప్ప పరీక్ష ఫలితములు 1989లో వెలువడినవి. 16 వారముల తరువాత చూడగా మాటల పద్ధతులు రెండింటికి నడుమ చెప్పుకొనదగిన తేడా లేదు. జబ్బు ముదిరినవారిలో మాత్రము మాత్ర మేలనిపించినది. ఏడాదిన్నర గడచిన పిమ్మట లెక్క చూచినప్పుడు, కోలుకొని నిలిచినవారు ఏ వర్గమందును మూడవ వంతునకు మించలేదు. గెలుపు చాటుకొనువారు ఈ చివరి వాక్యమును చెప్పుట మరతురు.

ఇట్టి సమాన ఫలితములను 1936లోనే సాల్ రోజెన్‌జ్వైగ్ అను అమెరికను ఊహించి, బాలల కథయైన 'ఆలిస్' పుస్తకములోని డోడో పక్షితో పోల్చెను. ఆ పక్షి పందెమున పరుగెత్తినవారందరును గెలిచిరని తీర్పు చెప్పును. అందరును గెలిచిరనుట అందరును ఓడిరనుటకు ఎంత దూరము? 1952లో లండనులో ఐసెంక్ ఈ ప్రశ్ననే మొగమాటము లేక వేసెను. సామాన్య మనోవ్యాధులు మూడింట రెండు వంతులు రెండేండ్లలో వాటంతట అవియే తగ్గుననియు, మాటల వైద్యము అంతకంటె చేసినదేమియు లేదనియు ఆయన వాదము. పావు శతాబ్దము పోట్లాట నడచినది. 1977లో స్మిత్, గ్లాస్ అనువారు 375 పరిశోధనలను ఒక్కచోట కూర్చి చూచిరి. చికిత్స పొందిన సగటు మనిషి, పొందని నూరుగురిలో 75 మందికంటె మెరుగుగా ఉన్నట్లు తేలినది. గొంతును అమ్ముకొని బ్రదుకు మావంటివారికి ఈ మాట కొంత సంతోషము కలిగించినదని దాచుకొనము.

దిగులు విషయమున అన్ని దారులును ఇంచుమించు ఒకేచోటికి చేరుట కేమి కారణము? నమ్మదగిన మనిషి, బాధకు అర్థమయ్యెడి ఒక వివరణము, రేపు ఉదయము చేయవలసిన ఒక పని, ఈ మూడును ప్రతి పద్ధతిలోను కలవని పలువురి అభిప్రాయము. అది నిజమైనచో పెద్ద చదువులు లేనివారును ఈ వైద్యము చేయవచ్చును గదా! గోవాలో చేసి చూపిరి. విక్రమ్ పటేల్ గారి బృందము అక్కడి 10 ప్రాథమికారోగ్య కేంద్రములలో, వైద్యవిద్య నేర్వని స్థానికులకు శిక్షణ నిచ్చి, తీవ్రమైన దిగులుతోనున్న 495 మందిపై పరీక్షించి 2017లో ఫలితములు ప్రకటించెను. వారు చేయించినది గంభీరమైన తత్త్వము కాదు. మంచము విడువని మనిషిచేత, ఒకప్పుడు ఇష్టపడిన పనులను కొద్దికొద్దిగా మరల చేయించుట. ఆరు మొదలు ఎనిమిది కలయికలు. మూడు నెలలకు వారిలో నూటికి 64 మంది తేరుకొనిరి. మామూలు ఆస్పత్రి వైద్యముతోనే ఉన్నవారిలో 39 మంది.

ఇక మనము వాడుకలో పిచ్చి యనుచున్న పెద్ద జబ్బులున్నవి. చెవిలో ఎవరో మాటాడుచున్నారనుట, ఇంటివారే విషము పెట్టుచున్నారనుట, రాత్రులు నిద్రలేక ఊరంతయు తిరుగుట. వీటికి మాట ఒక్కటియే చాలదని తొందరగా చెప్పివేసెదము. 1931లో గణనాథ సేన్, కార్తిక చంద్ర బోసు గారలు సర్పగంధ వేరు ఉన్మాదమున పనిచేయుచున్నదని ప్రకటించిరి. 1952లో పారిస్ వైద్యులు డిలే, డెనికర్ అనువారు క్లోర్‌ప్రొమజీన్ గుణమును లోకమునకు తెలిపిరి. ఈ జబ్బులలో మందు పునాది. దానిమీదనే తక్కినవి నిలుచును. తక్కినవి అక్కరలేదని కాదు. 1950 దశాబ్దమున అమృతసరములో విద్యాసాగర్ అను వైద్యుడు, రోగుల బంధువులను ఆస్పత్రి ఆవరణలోనే డేరాలు వేయించి ఉంచి, వారిని చికిత్సలో భాగస్వాములను చేసెను. జబ్బు నెరిగిన కుటుంబమున్నచోట జబ్బు తిరుగబెట్టుట తక్కువయని పిమ్మట ఎన్నో దేశముల పరిశోధనలు తేల్చినవి. ఎరుగని కుటుంబము గొలుసు వెదకును. 2001లో తమిళనాడు ఎర్వాడిలో గొలుసులతో కట్టియుంచిన మనుష్యులు పాకకు నిప్పంటుకొనగా పారిపోలేక కాలిపోయిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టము గొలుసును ఏ రూపముననైనను నిషేధించినది. మత్తు ఇయ్యక చేయు కరెంటు చికిత్సను గూడ నిషేధించినది. మత్తు ఇచ్చి చేయునది తీవ్రమైన దిగులులో నేటికిని ప్రాణము నిలుపు చికిత్సయే.

ఆ పెద్దమనిషికి మేము వ్రాసిన జవాబులో ఇంత చరిత్ర లేదు. మాఘమాసపు ముహూర్తమును వాయిదా వేయుడని మొదటి వాక్యముననే వ్రాసితిమి. వివాహము ఈ జబ్బునకు మందని ఏ పరిశోధనయు చెప్పలేదు. పరాయి యింట, పరాయి బావివద్ద, దాచుకొనుచు కడుగుకొనుట ఎట్లుండునో ఆలోచింపుడంటిమి. మాత్రలు మాన్పవద్దంటిమి. సైకియాట్రిస్టు మందులు వ్రాయు వైద్యుడనియు, క్లినికల్ సైకాలజిస్టు మందులు వ్రాయక ఇట్టి చికిత్సలు చేయువాడనియు, భారత పునరావాస మండలిలో నమోదైనవారినే చూడవలెననియు తెలిపితిమి. వారి వద్దకు పోయినప్పుడు "మీరు ఈ జబ్బునకు నిచ్చెన మెట్ల పద్ధతి చేయుదురా, ఇంటివద్ద మేమేమి చేయవలెను" అని అడుగుడనియు, ఊరకే ధైర్యము చెప్పి పంపువారైనచో మరియొకరిని వెదకుడనియు వ్రాసితిమి. దారి తెలియనివారు 14416 నంబరునకు ఫోను చేసిన, 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ వారు రాత్రింబవళ్లు ఉచితముగా తెలుగులోనే మాటాడుదురు. విశాఖపట్టణమునను, హైదరాబాదు ఎర్రగడ్డలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నవి.

తల్లిగారిని గూర్చి వ్రాయుటయే కష్టమైనది. ఆమె చెంబు ఎత్తుట ప్రేమవలననే. అయినను ఆ చెంబు జబ్బునకు సాయము చేయుచున్నది. ఒక్కసారిగా మానుటయు క్రూరమే. ఎన్ని చెంబులు, ఎప్పటినుండి, ఎంత తగ్గించవలెను అన్నది అమ్మాయితోను, చికిత్సకునితోను కలసి నిశ్చయించుకొనవలెను.

మొన్న వారివద్దనుండి మరల ఉత్తరము వచ్చినది. మాఘము వెళ్లిపోయినది, పెండ్లి జరుగలేదు. బంధువులలో కొందరు మాటలాడుట లేదు. మాత్రలు సాగుచున్నవి, పదునైదు దినముల కొకసారి బస్సులో రాజమహేంద్రవరము పోయి వచ్చుచున్నారు. బి.ఇడి. మాట ఇంకను ఎత్తలేదు. గడియ, పత్రిక ఈ రెండు మెట్లు దాటినది. బస్సు కడ్డీ దాటలేదు. చెంబు ఇప్పుడు అమ్మాయి చేతిలోనే ఉన్నదట. తల్లి వంటింటిలో కూర్చుండి, నీళ్ల చప్పుడు ఎప్పుడాగునా యని వినుచుండునట.